బరోడాలో దొరకని గది



ఆగస్టు, జనవరి నెలలు వచ్చాయంటే నా ఫోను రాత్రిళ్లు కూడా మోగుతుంది. మన సంఘాల పిల్లలు పై చదువులకని విదేశాలకు బయలుదేరే నెలలవి. ఈమధ్య కాట్రేనికోన వైపు నుంచి ఒక తండ్రి అర్ధరాత్రి దాటాక ఫోన్ చేశారు. శంషాబాద్‌లో ఎక్కాల్సిన విమానం అయిదు గంటలు ఆలస్యమైందట. మధ్యలో మారాల్సిన రెండో విమానం వీడి కోసం ఆగలేదు. కుర్రాడు ఒకటిన్నర రోజు ఆలస్యంగా దిగేసరికి, అడ్వాన్సు కట్టి ఉంచుకున్న గదిని ఇంకొకరికి ఇచ్చేశారు. తండ్రి రొయ్యల చెరువు మీద కాపలా ఉండే మనిషి. ఆయనకు విమానాల సంగతి తెలియదు, అద్దె ఒప్పందాల సంగతి తెలియదు. అక్కడ మనవాళ్లెవరైనా ఉన్నారా అయ్యగారూ అని ఒక్కటే అడిగారు.

నాకు తెలిసిన నంబర్లు ఇచ్చాను. తెలుగు కుర్రాళ్లు నలుగురు కలిసి ఉంటున్న ఒక ఇంట్లో చోటుందని తెలిసింది. మన కుర్రాడు వాళ్లకు ఫోన్ చేశాడు. ముందు ఇంటిపేరు అడిగారు. తరవాత ఊరు అడిగారు. ఆ తరవాత ఊళ్లో ఏ పేట అని అడిగారు. అంతా విని, మాట్లాడుకుని రేపు చెబుతామన్నారు. మర్నాడు ఫోన్ ఎత్తలేదు. ఆ రెండు రాత్రులూ వాడు పడుకున్నది విమానాశ్రయంలో పరిచయమైన ఒక నేపాలీ విద్యార్థి గదిలో, సోఫా మీద.

ఆ రాత్రి నిద్ర పట్టక నేను బీరువాలోంచి తీసి చదివింది అంబేద్కర్ గారి చిన్న పుస్తకం ఒకటి. పేరు వెయిటింగ్ ఫర్ ఎ వీసా. 1935, 36 ప్రాంతంలో చేత్తో రాసుకున్న కొద్ది పేజీలు. ఆయన చనిపోయాక చాలాకాలానికి, 1990లో, ఆయన స్థాపించిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ దాన్ని అచ్చు వేసింది. మన జిల్లా పేరులో ఆయన పేరుంది. ఆ పేరు పెట్టినప్పుడు 2022 మే నెలలో అమలాపురంలో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ప్రతి పేటలోనూ విగ్రహం ఉంది. నీలం కోటు, చేతిలో రాజ్యాంగం, చాచిన చూపుడు వేలు. కానీ ఆ కోటు తొడుక్కున్న మనిషి తల దాచుకునే చోటు కోసం ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగాడో మన యువజనులలో చాలామందికి తెలియదు.

ఆయన 1891 ఏప్రిల్ 14న మధ్య భారతంలోని మౌ కంటోన్మెంటులో పుట్టారు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. పద్నాలుగో సంతానం. తల్లి భీమాబాయి ఆయన చిన్నప్పుడే పోయింది. మేనత్త పెంచింది.

ఆయన జీవితంలో మొదటి ప్రయాణపు కష్టం 1901లో వచ్చింది. తండ్రి అప్పుడు సతారాకు దూరంగా గోరేగావ్‌లో, కరువు బాధితులకు పని కల్పించడానికి ప్రభుత్వం తవ్విస్తున్న చెరువు దగ్గర క్యాషియరుగా ఉన్నాడు. వేసవి సెలవులకు పిల్లల్ని రమ్మని ఉత్తరం రాశాడు. భీమ్, అన్న, అక్క కొడుకులు బయలుదేరారు. ఆ సంబరం మనకు తెలియనిదా? కొత్త చొక్కాలు కుట్టించుకున్నారు, మెరిసే టోపీలు, కొత్త జోళ్లు, పట్టు అంచు పంచెలు. రైలెక్కడం అదే మొదలు. మసూర్ స్టేషన్లో దిగారు. తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. వస్తున్నామని వీళ్లు రాసిన ఉత్తరం అందుకున్న నౌకరు దాన్ని తండ్రికి ఇవ్వడం మరచిపోయాడు. అంతే జరిగింది. చాలాసేపు ఎదురు చూశాక స్టేషను మాస్టరు దగ్గరకు వచ్చి ఎవరి పిల్లలని అడిగాడు. బట్టలు చూసి పెద్దింటి పిల్లలనుకున్నాడు. పిల్లవాడు ఆలోచించకుండా మహర్లమని చెప్పేశాడు. ఆయన ముఖం మారిపోయింది, నాలుగైదడుగులు వెనక్కి వేశాడు.

బండివాళ్లు ఎవరూ రామన్నారు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలుకోవాలి, తాను పక్కన నడుస్తాడు. రాత్రంతా ప్రయాణం. గంపలో అన్నం ఉంది, తాగడానికి నీళ్లు లేవు. టోల్ గేటు దగ్గర అడిగితే, మనిషి ఎవరో పోల్చుకున్నవాడు ఇవ్వలేదు. ఆకలితోనే పడుకున్నారు. మర్నాడు పొద్దెక్కి పదకొండింటికి తండ్రి దగ్గరకు చేరారు. ఆ ఒక్క రాత్రి తన జీవితంలో ఎంత లోతుగా దిగబడిందో ఆయన తరవాత రాసుకున్నారు. అప్పటికి ఆయనకు పదేళ్లు.

చదువు విషయం క్లుప్తంగా చెప్పుకుందాం, ఎందుకంటే అది అందరికీ తెలిసినదే. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలులో 1907లో మెట్రిక్, 1912లో బి.ఏ. మరుసటి ఏడాది ఆరంభంలో బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరగానే తండ్రి జబ్బు పడ్డారని కబురు. ఫిబ్రవరి 2న తండ్రి పోయారు. అదే ఏడాది బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ మూడేళ్ల విద్యార్థివేతనం ఇచ్చారు, నెలకు పదకొండున్నర పౌండ్లు. చదువు ముగిశాక పదేళ్లు సంస్థానానికి కొలువు చేయాలని జూన్‌లో ఒప్పందం రాయించుకున్నారు. ఈ ఒప్పందం గుర్తుంచుకోండి.

జూలైలో న్యూయార్క్ చేరారు. కొలంబియా విశ్వవిద్యాలయం. మొదట హార్ట్‌లీ హాల్ అనే హాస్టల్లో దిగారు, తిండి పడలేదు. కొద్ది రోజులకే కాస్మోపాలిటన్ క్లబ్బుకు మారారు, అక్కడ కొందరు భారతీయ విద్యార్థులున్నారు. ఆ తరవాత లివింగ్‌స్టన్ హాల్. అక్కడ దొరికిన స్నేహితుడు నవల్ భథేనా అనే పార్సీ. ఏడాదిలో మూడు చోట్లు మారడం ఈనాటి మన పిల్లలకు వింతేమీ కాదు. కానీ ఆయనకు అక్కడ వింతగా ఉన్నది ఇంకొకటి. ఏ బల్ల దగ్గరైనా కూర్చోవచ్చు, ఏ కుళాయి దగ్గరైనా నీళ్లు పట్టుకోవచ్చు, ఎవరూ ఏ పేట అని అడగరు. 1915లో ఎం.ఏ. అయింది. 1916లో కులాల పుట్టుక మీద ఒక సెమినార్‌లో వ్యాసం చదివారు. అదే ఏడాది లండన్ వెళ్లి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ, న్యాయవిద్యకు గ్రేస్ ఇన్‌లోనూ చేరారు.

1917లో వేతనం గడువు ముగిసింది. సంస్థానం వెనక్కి రమ్మంది. చదువు సగంలో ఉంది. ప్రొఫెసర్ ఎడ్విన్ కానన్ మాట సాయంతో, నాలుగేళ్లలోపు తిరిగి వచ్చి పూర్తి చేసుకునేలా విశ్వవిద్యాలయం అనుమతి ఇచ్చింది. అది ప్రపంచ యుద్ధం ముమ్మరంగా ఉన్న సమయం. జర్మన్ జలాంతర్గాములు సముద్రంలో తిరుగుతున్నాయి. సామాన్లూ పుస్తకాలూ ఒక ఓడలో వేసి, తాను ఫ్రాన్స్ మీదుగా మార్సెయిల్స్ వెళ్లి కైజర్-ఇ-హింద్ అనే ఓడ ఎక్కారు. సామాన్ల ఓడను టార్పెడోతో ముంచేశారు. ఓడ మునిగిందన్న వార్త విని బొంబాయిలో ఇంటివాళ్లు ప్రాణాలు ఉగ్గబట్టుకున్నారు. ఆగస్టు 21న ఆయన క్షేమంగా దిగారు. మనిషి దక్కాడు, పుస్తకాలు దక్కలేదు. బరోడా వెళ్లడానికి కూడా చేతిలో డబ్బు లేదు. పోయిన సామాన్లకు కంపెనీ ఇచ్చిన ఆరు వందల రూపాయల పరిహారం ప్రయాణానికి ఆధారమైంది.

సెప్టెంబరులో బరోడా స్టేషన్లో దిగారు. ఎదురు వెళ్లి తీసుకురమ్మని మహారాజు ఆజ్ఞ ఉన్నా ఎవరూ రాలేదని జీవితచరిత్ర రాసిన ధనంజయ్ కీర్ అంటారు. స్టేషను పైకప్పు కింద నిలబడి ఆయన ఆలోచించారు. విదేశాల్లో గడిపిన నాలుగేళ్లలో తాను అంటరానివాడినన్న సంగతే మనసులోంచి తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు, ఎక్కడికి వెళ్లాలి అన్న ఒక్క ప్రశ్నతో అదంతా తిరిగి వచ్చింది. హిందూ హోటళ్లలో చోటివ్వరు. అబద్ధపు పేరు చెప్పి చేరితే, బయటపడ్డ రోజున ఏమవుతుందో తెలుసు. అమెరికాలో తనతో పాటు చదివినవాళ్లు ఆ ఊళ్లో ఉన్నారు, కానీ ఇంటికి వెళ్తే రానిస్తారో లేదో. ప్రయాణికులంతా వెళ్లిపోయారు. మిగిలిన గుర్రబ్బండివాణ్ణి అడిగితే పార్సీల సత్రం ఒకటుందని చెప్పాడు.

ఆ సత్రం మేడ మీద ఒక చిన్న గది, పక్కన స్నానాల గది. మిగతాదంతా ఒకే పెద్ద హాలు, నిండా విరిగిన కుర్చీలు, బల్లలు, చెక్కలు. కింద కాపలాదారు, ఒక ముసలి పార్సీ, కుటుంబంతో ఉంటాడు. పార్సీలు ఒంటిమీద ధరించే పవిత్ర వస్త్రం, నడుముకు కట్టే తాడు ఈయనకు లేకపోవడం చూసి, ఇది పార్సీలకు మాత్రమేనని చెప్పాడు. ఈయన వేరే దారి లేక అడిగారు. అతనికీ అతిథులు లేక రాబడి లేదు. రోజుకు రూపాయిన్నర, రిజిస్టరులో పార్సీ పేరు. ఒప్పందం కుదిరింది.

పగలు అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో ఉద్యోగం. అక్కడ జవాన్లు ఫైళ్లు దూరం నుంచి బల్ల మీదకు విసిరేవారు. తాగడానికి నీళ్లు దొరికేవి కావు. రాత్రి ఆ హాలులో ఒంటరిగా ఒక హరికేన్ లాంతరు, దాని వెలుగు గోడ దాకా పోదు. మాట్లాడే మనిషి లేడు. బొంబాయి నుంచి మిగతా సామాను తెచ్చిన మేనల్లుడు మామ ఉన్న స్థితి చూసి భోరుమని ఏడిస్తే, ఆయన ఆ పిల్లవాణ్ణి వెంటనే తిరిగి పంపించేశారు. కొలంబియాలో చదివిన పట్టభద్రుడు, మహారాజు కొలువులో ఉన్న అధికారి ఆయన. సంస్థానం బంగళా ఒకటి ఇప్పించమని మంత్రికి అర్జీ పెట్టుకున్నారు. జవాబు రాలేదు.

పదకొండో రోజు పొద్దున అల్పాహారం ముగించి, గ్రంథాలయానికి తిరిగి ఇవ్వాల్సిన పుస్తకాలు చేత్తో పట్టుకుని బయలుదేరబోతుంటే మెట్ల మీద అడుగుల చప్పుడు. డజను మంది పార్సీలు కర్రలతో వచ్చి గది ముందు వరసగా నిలబడ్డారు. ఎవరు నువ్వని, పార్సీ పేరు ఎలా పెట్టుకున్నావని, సత్రాన్ని మైల చేశావని కేకలు వేశారు. ఆయన మౌనంగా నిలబడ్డారు. చేసింది అబద్ధమే, దానికి జవాబు లేదు. బంగళా వస్తుందేమోనన్న ఆశతో ఒక్క వారం గడువు అడిగారు. సాయంత్రానికి ఖాళీ చేయకపోతే సంగతి చూస్తామని చెప్పి వెళ్లిపోయారు.

ఇక్కడ నేను కాస్త ఆగుతాను. ఆయన సాహసం గురించి, రాజ్యాంగం గురించి మనం వందసార్లు విన్నాం. ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం నాలుగు గంటల దాకా ఏం జరిగిందో మన సంఘాల్లో చెప్పుకోం. అది మనకు సంబంధించింది కాబట్టే చెప్పుకోమేమో.

ఆయనకు ఆ ఊళ్లో ఇద్దరు స్నేహితులున్నారు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ముందు హిందూ స్నేహితుడి దగ్గరకు వెళ్లారు. అతను జాలిపడ్డాడు, కోపం తెచ్చుకున్నాడు, కానీ నువ్వు ఇంటికొస్తే నా నౌకర్లు వెళ్లిపోతారని చెప్పాడు. అంబేద్కర్ గారు అర్థం చేసుకుని లేచి వచ్చేశారు. క్రైస్తవ స్నేహితుడు ఒకప్పుడు తనంతట తానే ఇంటికి వచ్చి ఉండమని పిలిచాడు. అతని అలవాట్లు తనకు సరిపడవని అప్పుడు ఈయనే వద్దన్నారు. ఇప్పుడు ఏ ముఖంతో వెళ్లాలన్న బిడియం. అయినా వెళ్లారు. అతను తన భార్య రేపు బరోడా వస్తోందని, ఆమెను అడిగి చెబుతానని అన్నాడు.

అది ఎంత నేర్పుగా ఇచ్చిన జవాబో తనకు తరవాత తెలిసిందని అంబేద్కర్ గారు రాశారు. ఆ దంపతులిద్దరూ బ్రాహ్మణ కుటుంబాల నుంచి క్రీస్తును నమ్ముకున్నవారు. భర్త ఆలోచనలో మార్పు వచ్చింది. భార్య మాత్రం పాత ఆచారంలోనే ఉండిపోయింది, అంటరానివాణ్ణి గుమ్మం లోపలికి రానిచ్చేది కాదు. బాప్తిస్మం అయింది, పేరు మారింది, వంటిల్లు మారలేదు. నేను ఆ స్త్రీని తప్పు పట్టి ఊరుకోలేను. ఆమెను ఎవరూ అడగనే లేదు. ఆమె పేరు అడ్డం పెట్టుకుని తలుపు వేసింది భర్తే. ఉదార భావాలున్నవాళ్లం మనం తరచు చేసే పని ఇదే. నాకేం అభ్యంతరం లేదు గానీ ఇంట్లోవాళ్లు, సంఘంలో పెద్దలు, అద్దెకిచ్చినవాళ్లు అంటాం. నేనూ అన్నాను. ఇరవై ఏళ్ల క్రితం ఒక పెళ్లి సంబంధం విషయంలో, రెండు వైపులా విశ్వాసులే, సంఘం ఒప్పుకోదని చెప్పి నేను పక్కకు తప్పుకున్నాను. సంఘాన్ని నేను అడగలేదు.

ఆ స్నేహితుడి ఇల్లు వదిలేసరికి సాయంత్రం నాలుగైంది. బొంబాయి రైలు రాత్రి తొమ్మిదికి. ఆ అయిదు గంటలు ఎక్కడ గడపాలి? ఊరి అంచున కామాటీ బాగ్ అనే తోట ఉంది. అక్కడ కూర్చున్నారు. అమ్మా నాన్నా గుర్తొచ్చారట, దిక్కుతోచని పిల్లలకు గుర్తొచ్చినట్టు. ఎనిమిదింటికి లేచి బండి కట్టించుకుని సత్రానికి వెళ్లి సామాను దించుకున్నారు. ముసలి కాపలాదారు బయటకు వచ్చాడు. ఇద్దరికీ మాట రాలేదు. ఈయన బాకీ ఇచ్చారు, అతను మౌనంగా తీసుకున్నాడు. ఆ వృత్తాంతం మొత్తంలో తన వల్ల ఈయనకు కష్టం వచ్చిందని బాధపడ్డవాడు ఆ ముసలివాడొక్కడే.

తరవాతి కథ ఇంకొంచెమే చెబుతాను. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ఆచార్యుడయ్యారు. జీతం దాచుకున్నారు. 1920లో తిరిగి లండన్ బయలుదేరడానికి కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం చేశారు. అయిదు వేలు అప్పిచ్చింది లివింగ్‌స్టన్ హాల్ నాటి ఆ పార్సీ స్నేహితుడు భథేనాయే. ఒక సత్రం నుంచి పార్సీలు కర్రలతో వెళ్లగొట్టారు, ఇంకొక పార్సీ చదువు పూర్తి చేయించాడు. మనుషుల్ని గుంపులుగా తూచే అలవాటున్నవాళ్లు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి.

లండన్‌లో బస చౌకగా చూసుకున్నారు. పొద్దున ఒక రొట్టె ముక్క, కొంచెం చేప, ఒక కప్పు టీ. మధ్యాహ్న భోజనం మానేసి బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో తలుపులు మూసేదాకా చదువు. రాత్రి ఆకలేస్తే, స్నేహితుడిచ్చిన అప్పడాలు నాలుగు రేకు పళ్లెం మీద కాల్చుకునేవారట. మన ఊళ్లలో తల్లులు సూట్‌కేసు అడుగున అప్పడాలూ ఆవకాయా పెట్టేటప్పుడు ఈ సంగతి చెప్పండి. 1921లో ఎం.ఎస్సీ., ఆ తరవాత బారిస్టరు పట్టా. రూపాయి సమస్య మీద రాసిన సిద్ధాంత వ్యాసాన్ని పరీక్షకులు సవరించమన్నారు. అప్పటికి డబ్బు అయిపోయింది. 1923 ఏప్రిల్‌లో బొంబాయి తిరిగివచ్చి ఇక్కడి నుంచే సవరించి పంపితే, ఆ ఏడాది చివర డి.ఎస్సీ. వచ్చింది. లండన్‌లో ఆయన 1921, 22ల్లో ఉన్న పది నంబరు కింగ్ హెన్రీస్ రోడ్డు ఇంటిని 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొన్నది. దాన్ని మ్యూజియంగా నడపడానికి అక్కడి స్థానిక కౌన్సిల్ ఒప్పుకోలేదు. విచారణ జరిగాక 2020లో అనుమతి వచ్చింది. చనిపోయిన అరవై ఏళ్ల తరవాత కూడా ఆ మనిషికి ఇంటి విషయంలో అర్జీలు తప్పలేదు.

ఇంత చదివి వచ్చాక ఆయన మొదట చేసిన పనుల్లో ఒకటి ఏమిటంటే, 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టి, మరుసటి ఏడాది షోలాపూర్‌లో పేద విద్యార్థులకు హాస్టల్ తెరిపించడం. గది లేని బాధ తెలిసినవాడు మొదట గది కట్టించాడు. తరవాత కాలేజీలు కూడా వచ్చాయి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ, 1950లో ఔరంగాబాద్‌లో ఇంకొకటి.

ప్రయాణాలు మాత్రం ఆయన్ని వదల్లేదు. 1929లో చాలీస్‌గావ్ స్టేషన్లో టాంగావాళ్లెవరూ ఎక్కించుకోమంటే, చివరికి బండి తోలడం రాని తనవాడొకడు తోలాడు. వంతెన మీద బండి తిరగబడి ఆయన రాళ్ల మీద పడ్డారు. కాలు విరిగి చాలా రోజులు మంచం మీదున్నారు. అప్పటికి ఆయన బారిస్టరు, శాసనమండలి సభ్యుడు.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆయన బౌద్ధం స్వీకరించారు, డిసెంబరు 6న కన్నుమూశారు. క్రైస్తవ్యం వైపు ఎందుకు రాలేదని మన పాస్టర్లు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు. ఆయన మన గురించి చాలా చదివారు. దళితుల మతాంతరం మీద, మారినవారి స్థితి మీద ప్రత్యేకంగా వ్యాసాలు రాశారు. గుడిలోకి వచ్చాక కూడా కులం ఎందుకు పోలేదన్నది వాటిలో ఆయన సూటిగా అడిగిన ప్రశ్న. బైబిలు కాలేజీలో నేను చదివిన మూడేళ్లలో ఎవరూ ఆ వ్యాసాలు మా చేత చదివించలేదు.

నిన్న ఆ చెరువు కాపలా తండ్రి మళ్లీ ఫోన్ చేశారు. కుర్రాడికి గది దొరికింది, కాలేజీకి వెళ్తున్నాడు. ఆ నేపాలీ అబ్బాయి పేరు ప్రార్థనలో తలుచుకోమన్నారు, తలుచుకున్నాను. రేపు చెబుతామన్న ఆ ఇంట్లో నలుగురిలో ఇద్దరు మన సంఘాల పిల్లలేనని నాకు ఈలోగా తెలిసింది. వాళ్లలో ఒకడికి బాప్తిస్మం ఇచ్చింది నేనే. ఆ సంగతి ఆ తండ్రికి ఇంకా చెప్పలేదు.